విమర్శిస్తే బాధ్యత మరచినట్టా?

సంపాదకులకు,

పౌరులకు హక్కులే తప్ప బాధ్యతలు గుర్తుండవని, అయినదానికీ కానిదానికీ ప్రభుత్వాన్ని విమర్శించడం మానాలని ఒక ప్రజాప్రతినిధి చేసిన హితబోధను పోయిన వారం మీరు మొదటి పేజీలో వేశారు. అదే సభలో తాగునీటి గురించి అడగబోయిన మహిళను కూర్చోబెట్టిన సంగతి మాత్రం లోపలి పేజీలో మూడు వాక్యాలకు నోచుకుంది.

ఆయన చెప్పిన బాధ్యతలు రాజ్యాంగంలో 51ఎ అధికరణంలో ఉన్నాయి. అవి చేరింది 1976లో, 42వ సవరణతో. అంటే పత్రికలకు సెన్సారు, ప్రతిపక్ష నాయకులకు జైలు నడుస్తున్న ఎమర్జెన్సీ రోజుల్లో! సరే, పుట్టిన ముహూర్తాన్ని వదిలేద్దాం. ఆ జాబితానైనా ఆయన చదివారా? ప్రభుత్వాన్ని విమర్శించరాదని అందులో ఎక్కడా లేదు. పైగా శాస్త్రీయ దృక్పథాన్ని, జిజ్ఞాసను పెంపొందించుకోవాలని ఉంది. నోరు మూసుకుంటే జిజ్ఞాస ఎలా పెరుగుతుందో వారే సెలవివ్వాలి. ప్రజల ఆస్తిని కాపాడాలనీ ఉంది. వేసిన కొన్నాళ్లకే లేచిపోయిన రోడ్డు ప్రజల ఆస్తి కాదా? దాని గురించి అడిగితే అభివృద్ధి నిరోధకులమా?

హింసకు పురికొల్పనంత వరకు ప్రభుత్వాన్ని ఎంత ఘాటుగా విమర్శించినా రాజద్రోహం కాదని సుప్రీంకోర్టు 1962లోనే, కేదార్‌నాథ్ సింగ్ కేసులో తేల్చింది. ఆన్‌లైన్‌లో అభ్యంతరకరమైన సందేశాలు పెడితే జైలుకు పంపే ఐటీ చట్టంలోని 66ఎ సెక్షన్‌ను 2015లో కొట్టేసింది. కొట్టేసిన సెక్షన్ కిందే పోలీసులు కేసులు పెడుతున్నారని తెలిసి 2021లో అదే కోర్టు విస్తుపోయింది. మనకు బాధ్యత నేర్పేవారు ముందు ఆ తీర్పు ప్రతులను స్టేషన్లకు పంపితే బాగుండేది. సమాచార హక్కు దరఖాస్తుదారుడు కారణం చెప్పనక్కరలేదని చట్టంలోనే ఉంది. అయినా ‘ఈ వివరాలు మీకెందుకు’ అనే ఎదురు ప్రశ్నకు మాత్రం 30 రోజుల గడువు అక్కరలేదు, అప్పటికప్పుడే వస్తుంది!

జనమూ తక్కువ తినలేదు. 2024 లోక్‌సభ ఎన్నికల్లో హైదరాబాద్ నియోజకవర్గంలో సగం మంది కూడా ఓటేయలేదు. ఫోనులో బూతులు రాసి అదే విమర్శ అనుకునేవారిది మరో రోగం. తిట్టడానికి ఏమీ తెలియనక్కరలేదు. విమర్శించాలంటే లెక్కలు చూడాలి, గ్రామసభకు వెళ్లి కూర్చోవాలి. వెళ్దామంటే, రిజిస్టరులో సంతకం కోసం ఎవరో ఇంటికి వచ్చేదాకా సభ జరిగిందన్న సంగతే తెలియదు. ఆ సంతకం పెట్టడం కూడా పౌర బాధ్యతల్లోకే వస్తుందేమో కాస్త కనుక్కొని చెప్పగలరు.

– ఒక పాఠకుడు