రెండుసార్లు బైపాస్ పడిన ఊరు

నాన్నా,

మోకాలి నొప్పి ఎలా ఉంది? ఫోన్లో అమ్మ వెనక నుంచి నువ్వేదో చెప్పావు గానీ వినపడలేదు, అందుకే ఈసారి తీరిగ్గా రాస్తున్నా.

శుక్రవారం సెలవు పెట్టి ఇక్కడ ఇంగ్లండ్‌లోనే స్టాంఫర్డ్ అనే ఊరికి వెళ్లా, నేనుండే పీటర్‌బరోకి రైల్లో పావుగంట. ఆ రోజు అక్కడ సంత. కూరగాయల బళ్లు ఓ చుట్టు చుట్టి, జార్జ్ అనే పాత సత్రంలో దూరి మధ్యాహ్నమంతా అక్కడే ఉండిపోయా. పబ్ అంటే అమ్మ కంగారు పడుతుంది, తాగింది కాఫీయే అని చెప్పు, అదీ నీ చేతి కాఫీ ముందు ఎందుకూ పనికిరాదు.

లండన్ నుంచి యార్క్ మీదుగా ఎడిన్‌బరో పోయే పాత రహదారి మీద ఉంది ఈ ఊరు, విజయవాడ రోడ్డు మీద మన సూర్యాపేటలాగా. గుర్రపు కోచ్‌ల కాలంలో రోజుకి ఇటు 20, అటు 20 జార్జ్ దగ్గర ఆగేవట. లోపలికి వెళ్లగానే రెండు తలుపులు, ఒకదాని మీద లండన్, ఇంకోదాని మీద యార్క్ అని రాసుంది, ఎటు పోయేవాళ్లు ఆ గదిలో కూర్చోవాలి. అచ్చం బస్టాండులో ప్లాట్‌ఫారాలే! గుర్రాలు మార్చేలోపే నాలుగు ముద్దలు మింగి ఎక్కాలి, మన హోటల్ ముందు కండక్టర్ ‘పది నిమిషాలే’ అని అరిచినట్టు. బయట రోడ్డుకి అడ్డంగా, ఈ పక్క నుంచి ఆ పక్కకి దూలం వేసి దాని మీద సత్రం పేరు పెట్టారు. చూస్తే ఉరికొయ్యలా ఉంటుంది, దారిదోపిడీ దొంగలకి హెచ్చరిక అంటారు. దాని కిందనుంచే ఇప్పటికీ బళ్లు పోతున్నాయి.

లోపల గోడ మీద ఒక భారీకాయుడి పటం ఉంది, పేరు డానియల్ లాంబర్ట్, 335 కిలోలు. 1809 జూన్‌లో ఈ ఊరికొచ్చి వ్యాగన్ అండ్ హార్సెస్ అనే ఇంకో సత్రంలో దిగాడు, మెట్లెక్కలేడని కింద గది ఇచ్చారు, అక్కడే 39 ఏళ్లకి పోయాడు. కిటికీ, గోడ పగలగొట్టి, పెట్టెకి చక్రాలు బిగించి బయటికి తీశారు. ఇంతకీ ఆయన మందు ముట్టడట, మంచినీళ్లే!

1852లో రైలు మెయిన్ లైను ఈ ఊరిని వదిలేసి మా పీటర్‌బరో మీదుగా పోయింది, కోచ్‌ల కథ ముగిసింది. 1960లో రోడ్డు బైపాస్ కూడా పడింది. అప్పుడు ఆ గల్లాపెట్టె ముందు కూర్చున్నవాడి మొహం ఎలా ఉండుంటుందో నాకు బాగా తెలుసు, మన బైపాస్ పడ్డాక నిన్ను చూశాగా. వీళ్లు మాత్రం ఆ తలుపుల మీది అక్షరాలు చెరపలేదు.

మన హోటల్ బోర్డు ఇంకా వెనక రేకుల షెడ్డులోనే ఉందా? పాతసామాన్లవాడికి ఇచ్చెయ్యకు, సంక్రాంతికి వచ్చి నేనే తుడుస్తా.

నీ
చిన్నోడు