కదలకుండా పట్టి ఉంచే విషాలు

హన్మకొండ

చిరంజీవి శ్రావణికి నాన్న ఆశీస్సులు.

బిడ్డా, నువ్వు ఫోన్‌లో అడిగినదానికి అప్పటికప్పుడు జవాబు చెప్పడం ఇష్టంలేక ఈ ఉత్తరం రాస్తున్నాను. పీహెచ్‌డీకి నీ ముందు రెండు దారులున్నాయన్నావు. క్యాన్సర్ కణాల్ని చంపే మందుల మీద పని ఒకటి, సహజ విషాలతో ఆ కణాలు ఒంట్లో వేరే చోట్లకు పాకడాన్ని తగ్గించే పని ఇంకొకటి. మొదటిదాంట్లో రిజల్ట్ తొందరగా వస్తుంది, రెండోదాంట్లో గడ్డ చిన్నదైందని చూపించలేం అని నీ టెన్షన్. నా మాట రెండోదానికే.

మీ మేనత్త సంగతి నీకు తెలుసు. రొమ్ములో గడ్డ తీసేశాక గండం గడిచిందనుకున్నాం. కొన్నాళ్లకు నడుం నొప్పి అంటే స్కాన్ తీయించాం, ఎముకల్లో కనబడింది. క్యాన్సర్‌తో పోయేవాళ్లలో ఎక్కువమంది ప్రాణం తీసేది ఇలా ఎముకకో, కాలేయానికో, ఊపిరితిత్తులకో, మెదడుకో పాకిన జబ్బే. ఒక్కచోట ఉన్నంతవరకు కోసి తీయొచ్చు. పాకినాక కత్తికి అందదు. అయినా మందుల్ని పరీక్షించేటప్పుడు చాలాకాలం ఎక్కువగా గడ్డ ఎంత కరిగిందన్నది చూశారు. పాకకుండా ఎంతకాలం ఆపిందన్న లెక్క మీద అమెరికాలో ఒక మందుకు మొదటిసారి అనుమతి దొరికింది 2018లో, ప్రోస్టేట్ క్యాన్సర్‌కు వాడే అపలుటమైడ్‌కు. అది సహజ విషం కాదులే. కానీ నీ పనిని కొలిచే కొలత ఇప్పుడు ఉందని చెప్పడానికి రాశాను.

గౌడన్న తాటిచెట్టు ఎక్కేటప్పుడు మోకు బిగించి, ఒంటిని పైకి లాక్కుని, మళ్లీ మోకు వదులు చేసి జరుపుతాడు కదా, కణం పాకేదీ అట్లనే. ముందుకు సాగి, ఇంటెగ్రిన్లనే ప్రోటీన్లతో పట్టు దొరికించుకుని, ఒళ్లు లాక్కుని, వెనక పట్టు వదులుతుంది. పాము విషంలో ఉండే డిసింటెగ్రిన్లనే చిన్న ప్రోటీన్లు సరిగ్గా ఆ ఇంటెగ్రిన్లకే పోయి అతుక్కుంటాయి, దాంతో కణానికి పట్టు దొరకదు. మన దిక్కు చెలకల్లో, రాళ్లగుట్టల్లో తిరిగే చిన్న పింజరి జాతి విషంలో ఎకిస్టాటిన్ అనేది ఉంది. మొత్తం 49 అమైనో ఆమ్లాలు. అందులో ఆర్జినిన్, గ్లైసిన్, ఆస్పార్టిక్ ఆమ్లం వరసగా వచ్చే చోటే దాని బలమంతా. ప్లేట్‌లెట్లు ఒకదానికొకటి అతుక్కోకుండా చేసేదీ ఆ మూడే. దాన్ని చూసే టైరోఫిబాన్ అనే గుండె మందు తయారుచేశారు, 1998లో అమెరికాలో అనుమతి వచ్చింది. అమెరికాలోని కాపర్‌హెడ్ పాము విషం నుంచి తీసిన కాంటార్ట్రోస్టాటిన్ ఎలుకల్లో క్యాన్సర్ ఊపిరితిత్తులకు పాకడాన్ని తగ్గించింది కూడా.

ఇక్కడ నీకు ఒక దెబ్బ గురించి కూడా చెప్పాలి. అదే మూడు ఆమ్లాల నమూనాతో చేసిన సైలెంగిటైడ్ అనే మందును మెదడు క్యాన్సర్ రోగుల మీద పెద్ద ఎత్తున పరీక్షిస్తే ఆయుష్షు పెరగలేదని 2014లో అచ్చయిన ఫలితాలు చెప్పాయి. ఎలుకలో ఆగింది మనిషిలో ఆగుతుందని నమ్మి కూచోవద్దు.

నాకు అన్నిటికంటే ఆశ పుట్టించింది ఎరిబులిన్ అనే మందు. జపాన్‌లో ఒక సముద్రపు స్పంజి నుంచి హాలికాండ్రిన్ బి అనే విషాన్ని తీశారు. 600 కిలోల స్పంజికి దొరికింది 12.5 మిల్లీగ్రాములు! ఆ అణువులో పనిచేసే భాగాన్ని మాత్రం ల్యాబ్‌లో తయారుచేసి మందు చేశారు. అప్పటికే రొమ్ము క్యాన్సర్ పాకిన 762 మంది ఆడవాళ్ల మీద పరీక్షిస్తే, మధ్యస్థ ఆయుష్షు, అంటే సగం మంది అంతకుమించి బతికిన కాలం, వేరే మందులతో 10.6 నెలలు, దీనితో 13.1 నెలలు. విచిత్రమేమంటే, జబ్బు పెరగకుండా ఆగిన కాలంలో స్వతంత్ర పరిశీలకులకు నిక్కచ్చిగా తేడా దొరకలేదు. బతికిన కాలంలో దొరికింది. ఈ మందు తాకిన కణాలకు పాకే గుణం తగ్గుతోందని ల్యాబ్‌లోనూ, ఎలుకల్లోనూ చూశారు. ఆయుష్షు పెరగడానికి అదే కారణమని ఇంకా రుజువు కాలేదు. ఇటువంటి ప్రశ్న మీద నీలాంటి పిల్ల కూచోవాలని నా కోరిక. రెండున్నర నెలలు నీకు చిన్న అంకెగా కనబడొచ్చు, మీ అత్తమ్మ ఇంట్లో అది చిన్నది కాదు.

ఇంకో సంగతి. ఊళ్లో ఎవరో బిళ్ళగన్నేరు ఆకు రసం తాగిస్తే కీమో అక్కర్లేదని అత్తమ్మకు చెప్పిపోయారు. ఆ చెట్టు నుంచే విన్‌క్రిస్టిన్, విన్‌బ్లాస్టిన్ వచ్చిన మాట నిజం. విన్‌క్రిస్టిన్‌తో ఎంతమంది పిల్లలు బ్లడ్ క్యాన్సర్ నుంచి బయటపడ్డారో! కానీ దాన్ని శుద్ధి చేసి, మిల్లీగ్రాముల లెక్కన నరంలోకి ఎక్కిస్తారు. ఆకు రసంలో ఎంత ఉందో ఎవరికీ తెలియదు. నేను చెప్తే వింటున్నారు గానీ నువ్వూ ఒకసారి ఫోన్ చేసి నచ్చజెప్పు.

గైడ్ సారును కలిసినప్పుడు మొదట ఇది అడుగు: చచ్చిన కణం కూడా కదలదు కదా, మరి విషం కదలికను ఆపిందా, కణాన్నే చంపిందా అని మీ ల్యాబ్‌లో ఎలా విడదీస్తారు? కణాలు చావని మోతాదేదో ముందు తేల్చుకుని, ఆ మోతాదులోనే ప్లేటు మీద పరిచిన కణాల పొరలో గీత గీసి, పక్క కణాలతో అది పూడడాన్ని చూస్తున్నారా? గీత పూడింది కణాలు పాకడంవల్లనా, వాటి సంఖ్య పెరగడంవల్లనా అన్నది విడిగా చూస్తున్నారా? దీనికి ఆయన ఓపికగా జవాబు చెప్తే అక్కడే చేరు. దాటేస్తే ఇంకో ల్యాబ్ వెతుకుదాం. ఏమన్నారో ఆ రోజే ఫోన్ చెయ్యి.

నాన్న