అమ్మే ముందే చిలక రెక్కలు కత్తిరించడం ఆపించండి

సంపాదకులు గారికి,

నమస్కారం. పోయిన ఏడాది మా అమ్మాయి పుట్టినరోజుకి నగరంలోని ఒక పెంపుడు పక్షుల దుకాణంలో సన్ కోన్యూర్ చిలకపిల్లను కొన్నాం. పసుపు, నారింజ రంగుల్లో ఉండే దక్షిణ అమెరికా జాతి. "ఎగిరిపోతుందని టెన్షన్ అక్కర్లేదు మేడమ్, రెక్కలు కట్ చేసే ఇస్తున్నాం" అన్నాడు కొట్టతను. మాకు మేలు చేశాడనే అనుకున్నాం.

మూడో రోజు అది ఫ్రిజ్ మీద నుంచి ఎగరబోయి, గాల్లో ఒక పక్కకి గిర్రున తిరిగి దబ్బున గచ్చు మీద పడింది. రొమ్ము ఎముక మీద చర్మం చిట్లి నెత్తురొచ్చింది. పక్షుల్ని చూసే డాక్టరు ఎక్కడున్నారో కనుక్కుని తీసుకెళ్లేసరికి సాయంత్రమైంది. ఆయన రెక్కలు విప్పి చూపించారు. ఎడమ రెక్క ఈకలు మాత్రమే, అవీ మొదలంటా కోసేసి ఉన్నాయి. ఒక వైపే కోస్తే పక్షికి తూకం తప్పుతుంది, మెల్లగా దిగడం కూడా చేతకాదు. అంతకంటే నాకు బాధ కలిగించిన మాట ఇంకొకటి చెప్పారు. ఇది అసలు ఎగరడం నేర్చుకోకముందే కోసేశారమ్మా అన్నారు. పిల్ల పక్షి ఎగిరి, దిగి, గోడకి తగలకుండా మలుపు తిరగడం నేర్చుకునే వయసులోనే ఆ అవకాశం పోయింది.

కత్తిరించిన ఈక మన గోరులాగా పెరగదు. కోయగా మిగిలిన ఈక మొదలు రాలిపోయి దాని చోట కొత్త ఈక రావాలి. దానికి నెలలు పడుతుంది. వచ్చే కొత్త ఈక మొదట్లో నెత్తురు నిండిన గొట్టంలా ఉంటుంది. తెలియనివాళ్లు దాన్ని కత్తిరిస్తే నెత్తురు ధారగా కారుతుంది. చిన్న పక్షికి అది ప్రాణం మీదికే వస్తుంది.

ఈ ఏడాది మా చిలకకి ఈకలన్నీ వచ్చాయి. మళ్లీ కత్తిరించాలా వద్దా అని ఇంట్లో రెండు వారాలు తర్జనభర్జన పడ్డాం. మా అత్తగారు సీలింగ్ ఫ్యాను చూపించి, "దాంట్లో పడితే ఏం చేస్తావు?" అన్నారు. ఆ భయం నిజమైనదే. విశాఖ ఉక్కపోతలో ఫ్యాను లేకుండా పూట గడవదు. ఫ్యాను రెక్క తగిలి చచ్చిపోయిన చిలకల గురించి మా బంధువుల ఇళ్లలోనే విన్నాను. అందుకే, ఇల్లు ఇరుకై, మనుషులు ఎక్కువై, తలుపులు మూసి ఉంచడం కుదరక డాక్టరు చేత రెండు రెక్కలూ సమానంగా, కొంచెంగా కత్తిరించుకునే వాళ్లను నేను తప్పు పట్టను.

కానీ కత్తిరిస్తే భద్రం అనుకోవడం పొరపాటు. మాది ఎంవీపీ కాలనీలో ఐదో అంతస్తు. సాయంత్రం సముద్రం గాలి బాల్కనీలోకి తోసుకొస్తుంది. కింది ఫ్లాట్ వాళ్ల కాకటీల్‌కి (తల మీద కుచ్చు ఉండే చిన్న పెంపుడు చిలక) రెక్కలు కత్తిరించి ఉన్నాయి కదా అని భుజం మీద పెట్టుకుని బాల్కనీలోకి వచ్చారు. ఒక గాలి విసురుకి అది రెయిలింగ్ దాటిపోయింది. సగం రెక్కలతో గాల్లో కాసేపు తేలిందే కానీ, తిరిగి పైకి రాలేకపోయింది. వీధిలో పడ్డాక చెట్టెక్కలేదు, కాకుల నుంచీ కుక్కల నుంచీ తప్పించుకోలేదు. వాళ్లు మెట్లు దిగి వెళ్లేలోపే అయిపోయింది.

మేం కత్తెర వద్దనుకున్నాం. పావురాల బెడదకి మన అపార్ట్‌మెంట్లలో చాలా బాల్కనీలకు ఎలాగూ వల కట్టించుకుంటాం. మేమూ కట్టించాం. పంజరం తలుపు తీసే ముందు ఫ్యాను స్విచ్ ఆపి, దాని మీద టేపు అంటిస్తున్నాం. పిలిస్తే చేతి మీదికి రావడం పొద్దుతిరుగుడు గింజలు పెట్టి నేర్పాం. నెల పట్టింది. ఇప్పుడు హాల్లో ఈ గోడ నుంచి ఆ గోడకి ఎగురుతుంది.

మన రామచిలకల సంగతి వేరు. వాటి విషయంలో కత్తిరించాలా వద్దా అన్న ప్రశ్నే లేదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం వాటిని పట్టడం, అమ్మడం, ఇంట్లో పెంచడం నేరం. అయినా జామకాయ ముక్క పెట్టిన చిన్న పంజరాలు ఎన్ని వరండాల్లో వేలాడుతున్నాయో, చిలక జోస్యం చెప్పేవాళ్ల పెట్టెల్లో ఎన్ని ఉన్నాయో అందరం చూస్తున్నాం. చట్టం అని ఎవరైనా బెదిరిస్తే కొందరు రాత్రికి రాత్రి మేడ మీద వదిలేస్తారు. దయచేసి అలా చేయకండి. రెక్కలు కోసిన చిలకని వదలడం అంటే చంపడమే. అటవీ శాఖకి అప్పగించండి. ఈకలు వచ్చి, ఎగరగలిగాకే వాటిని బయటికి వదలాలి.

మా చిలకలాంటి విదేశీ జాతుల్ని పెంచుకోవచ్చు. అయితే సన్ కోన్యూర్, ఆఫ్రికన్ గ్రే వంటి వాటిని 2024లో వచ్చిన నిబంధనల ప్రకారం కేంద్ర పర్యావరణ శాఖ వారి పరివేష్ వెబ్‌సైట్‌లో నమోదు చేయించాలి. కొన్నప్పుడు ఈ మాట మాకు ఎవరూ చెప్పలేదు. రెక్కలు కోసిచ్చినంత శ్రద్ధగా ఈ ఒక్క ముక్క చెప్పి ఉంటే బాగుండేది.

పశుసంవర్ధక శాఖ అధికారులకు మీ పత్రిక ద్వారా నా విన్నపం ఇది. పెంపుడు జంతువుల దుకాణాలు రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డు దగ్గర నమోదు కావాలని 2018 నిబంధనలు చెబుతున్నాయి. ఆ తనిఖీల్లో పక్షుల రెక్కలు కూడా విప్పి చూడండి. కొనేవాళ్లు అడగకుండా, డాక్టరు లేకుండా కొట్లో కత్తెర పట్టడం ఆపించండి. నగరంలోని ప్రభుత్వ పశువైద్యశాలలో వారానికి ఒక్క పూటైనా పక్షుల కోసం కేటాయించండి. ఏ రోజు, ఏ వేళకు డాక్టరు ఉంటారో బయట బోర్డు మీద రాయించండి. ఆ రోజు నెత్తురోడుతున్న పిట్టను తువ్వాలులో చుట్టుకుని, ఎక్కడికి వెళ్లాలో తెలియక ఊరంతా ఫోన్లు చేశాను.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం