రెండో బేస్ గిటార్ ఎంపికలో చేయి అందించిన వారందరికీ కృతజ్ఞతలు

పెద్దలకు, మిత్రులకు నమస్కారం. వేదిక మీద నా ప్రధాన బేస్ గిటార్ మొరాయిస్తే వెంటనే అందుకోవడానికి, పాతిక వేల రూపాయల లోపు రెండో బేస్ ఏది కొనుక్కుంటే మంచిదని నేను అడిగినప్పుడు, ఎవరి ప్రోగ్రాముల హడావుడిలో వారు ఉండే ఇంతమంది వాద్యకారులు తీరిక చేసుకుని అంత వివరంగా సమాధానాలు రాస్తారని నేను ఊహించలేదు. బేస్ కొన్నాను, సెటప్ (నెక్ వంపు, తీగల ఎత్తు వంటివి సరిచేయడం) చేయించాను, ఈ ముహూర్తాల్లో దానితో వాయించాను కూడా. ఎవరి మాట నాకు ఎక్కడ అక్కరకు వచ్చిందో పేరుపేరునా కాకపోయినా విషయం వారీగా చెప్పి కృతజ్ఞతలు తెలుపుకోవడం నా ధర్మం. ఇదే ప్రశ్నతో ఉన్న మరొకరికి ఈ నాలుగు మాటలు పనికివస్తే మరీ సంతోషం.

కొత్తగా చదువుతున్నవారి కోసం సందర్భం క్లుప్తంగా చెబుతాను. మాది విజయవాడలో సినిమా పాటలు వాయించే ఆర్కెస్ట్రా. పెళ్లి రిసెప్షన్లు, సంగీత్‌లు, వినాయక చవితి పందిళ్లు, క్రిస్మస్ కార్యక్రమాలు మాకు ప్రధానమైన ఆధారం. ఒక రిసెప్షన్‌లో, సరిగ్గా మెడ్లీ (ఆపకుండా వాయించే పాటల గుచ్ఛం) మధ్యలో, నా బేస్ జాక్ (కేబులు దూర్చే చోటు) లోపల టంకం ఊడి శబ్దం పూర్తిగా ఆగిపోయింది. మా కీబోర్డు తమ్ముడు ఒక్క క్షణం కూడా తడుముకోకుండా ఎడమ చేత్తో బేస్ లైన్ అందుకుని, చివరి పాట దాకా ఆ భారం మోశాడు. ఈ జాబితాలో మొదటి కృతజ్ఞత అతనికే చెందాలి. అయితే ప్రతిసారీ అతని ఎడమ చేతి మీద ఆధారపడటం న్యాయం కాదు కనుక రెండో బేస్ ఆలోచన మొదలైంది.

రాజమహేంద్రవరం నుంచి రాసిన పెద్దాయన, దశాబ్దాలుగా చర్చిలోనూ ఆర్కెస్ట్రాలలోనూ బేస్ వాయిస్తున్నవారు, అసలు ఏ మోడల్ పేరూ చెప్పలేదు. పాట మధ్యలో ఒకటి దించి మరొకటి తగిలించుకున్నాక ఎడమ చెయ్యి ఎక్కడా తడుముకోకూడదని, మిక్సర్ దగ్గర ఉన్నవారు గెయిన్ (శబ్దం స్థాయి) నాబ్ ముట్టుకోవలసిన అవసరం రాకూడదని, ఈ రెండు షరతులకు లొంగిన బేస్ చవకదైనా సరిపోతుందని, లొంగనిది ఎంత ఖరీదైనదైనా ఆ పనికి రాదని ఆయన సూటిగా రాశారు. ఆ తరువాత వచ్చిన సలహాలన్నిటినీ నేను ఈ కొలబద్దతోనే చూశాను. అంతవరకూ నేను ఏది బాగా పలుకుతుందని వెతుకుతూ వీడియోల్లో మునిగి ఉన్నాను. ఆయనకు నేను చాలా ఋణపడి ఉన్నాను.

నా ప్రధాన బేస్ నాలుగు తీగలది, ఫెండర్ జాజ్ బేస్ తరహాది, ప్యాసివ్ (బ్యాటరీ అక్కరలేనిది). అంటే నెక్ (ఎడమ చెయ్యి ఆడే పొడుగాటి భాగం), దాని కొసన తీగలు ఆనే గాళ్ల పట్టీ అయిన నట్ దగ్గర సన్నగా, 38 మిల్లీమీటర్ల వెడల్పుతో ఉంటుంది. స్కేలు, అంటే తీగ పలికే పొడవు, 34 అంగుళాలు. ప్రయాణాల్లో తేలికగా ఉంటుందని 30 అంగుళాల చిన్న స్కేలు బేస్ కొనమని ఇద్దరు మిత్రులు ఎంతో అభిమానంతో చెప్పారు. వారి మాటలో నిజం లేకపోలేదు. బస్సులో, ఆటోలో దాన్ని మోయడం నిస్సందేహంగా సులువు. కానీ లెక్క వేసి చూస్తే, 34 అంగుళాల బేస్ మీద నట్ నుంచి మొదటి ఫ్రెట్టు (నెక్ మీది అడ్డ లోహపు మెట్టు) 48 మిల్లీమీటర్లు దాటి ఉంటే, 30 అంగుళాల దాని మీద 43 మిల్లీమీటర్ల దగ్గరే ఉంటుంది. తీరిగ్గా కూర్చుని వాయించేటప్పుడు చెయ్యి ఈ తేడాకు త్వరగానే అలవాటు పడుతుంది గానీ, చీకటి వేదిక మీద గాయకుడి వైపు చూస్తూ తీగ మీద వేలు జార్చి స్లైడ్ వేసేటప్పుడు వేలు అలవాటైన చోటికే పోతుంది, స్వరం తప్పుతుంది. అందుకే ఆ సలహాను గౌరవంతోనే పక్కన పెట్టవలసి వచ్చింది.

హైదరాబాదులో సౌండ్ ఇంజినీరుగా పనిచేస్తున్న అన్నగారి సమాధానాన్ని మాత్రం నేను ప్రింటు తీసి దాచుకున్నాను. ఫంక్షన్ హాళ్లలో ఎల్‌ఈడీ గోడలు, డిమ్మర్లు, అంతంతమాత్రంగా ఎర్తింగ్ ఉన్న జనరేటర్లు కలిసి సింగిల్ కాయిల్ పికప్‌లలో (తీగ కంపనాన్ని విద్యుత్తుగా మార్చే, ఒకే చుట్ట ఉన్న అయస్కాంత భాగాల్లో) ఎలాంటి రొద పుట్టిస్తాయో ఆయన రోజూ వింటూ ఉంటారు. ఫెండర్ సంస్థ 1951లో తెచ్చిన ప్రెసిషన్ బేస్‌కు 1957లో పికప్‌ను రెండు ముక్కలుగా చీల్చి, వాటిని ఒకదాని రొదను మరొకటి కొట్టివేసేలా కలిపారని, కాబట్టి ఆ తరహా పికప్ ఉన్నది తీసుకుంటే రొద గొడవే ఉండదని ఆయన మొదటి మాట. జాజ్ బేస్, అంటే 1960లో వచ్చిన నమూనా, తీసుకుంటే మాత్రం రెండు వాల్యూమ్ నాబ్‌లూ పూర్తిగా తెరిచి వాయించమని, అప్పుడు రెండు పికప్‌లూ కలిసి రొదను చాలావరకు రద్దు చేస్తాయని, ఒకటి కాస్త తగ్గించినా అది మళ్లీ తల ఎత్తుతుందని ఆయన రెండో మాట. నేను మామూలుగానే రెండూ తెరిచి వాయిస్తాను కనుక, చేతికి అలవాటైన సన్నటి నెక్ వదులుకోవలసిన పని లేదని ఆ రెండో మాట నాకు ధైర్యం ఇచ్చింది.

బ్యాటరీ సంగతి కూడా ఆయనే చెప్పారు. ఐబనీజ్ జీఎస్ఆర్200 వంటి చవక బేస్‌లలోనూ మంద్ర స్వరాలను పెంచే చిన్న యాక్టివ్ సర్క్యూట్ ఒకటి ఉంటుంది, దానికి 9 వోల్టుల బ్యాటరీ కావాలి. వాయించడానికి అది చక్కని వాద్యమే. కానీ కేబులు జాక్‌లో పెట్టి ఉన్నంతసేపూ అటువంటి సర్క్యూట్ బ్యాటరీని తాగుతూనే ఉంటుంది. స్టాండు మీద కేబులుతో సహా గంటల తరబడి ఎదురు చూడటమే పనిగా ఉన్న రెండో బేస్‌కు అది నప్పదు. అవసరం పడ్డ రోజునే బ్యాటరీ అయిపోయి ఉంటే, రెండు బేస్‌లు ఉండీ కీబోర్డు తమ్ముడి ఎడమ చెయ్యే గతి. ఆ కారణంగా నేను ప్యాసివ్ బేస్‌లకే పరిమితమయ్యాను. చివరికి నా పరిశీలనలో మిగిలినవి యమహా టీఆర్‌బీఎక్స్174, స్క్వయర్ అఫినిటీ జాజ్, లేదా చేతులు మారిన ఏదైనా జాజ్ తరహా బేస్.

ఐదు తీగల బేస్ కొనుక్కుంటే తక్కువ శ్రుతిలో పాడే గాయకులకు కూడా పనికివస్తుందని చాలామంది చెప్పారు. ఇందులో వారితో నేను ఏకీభవించలేకపోయాను, క్షమించాలి. ఐదో తీగ అయిన బి స్వరం దాదాపు 31 హెర్ట్‌జ్ దగ్గర పలుకుతుంది. మాకు దొరికే చాలా హాళ్ల స్పీకర్లు ఆ స్వరాన్ని స్పష్టంగా వినిపించలేవు, పైగా తీగల మధ్య దూరం మారుతుంది. ప్రధానమైనది ఐదు తీగలది అయినవారికి రెండోది కూడా ఐదు తీగలదే ఉండాలన్న వాదన మాత్రం నూటికి నూరుపాళ్లు సరైనదే.

డల్లాస్‌లో ఉంటూ అక్కడి తెలుగువారి కార్యక్రమాల్లో వాయించే తమ్ముడు, తాను వచ్చేటప్పుడు ఒకటి తెచ్చిపెడతానన్నాడు. విమానంలో పెద్ద సామాను రుసుము, ఇక్కడ కస్టమ్స్ సుంకం కలిపితే లాభం మిగలదని ఇద్దరమూ లెక్క చూసుకుని విరమించుకున్నాం. అయినా అడగకుండానే ముందుకు వచ్చిన అతని మంచితనానికి ధన్యవాదాలు.

గుంటూరులో ఇంజినీరింగ్ చదువుతూ కాలేజీ బ్యాండులో వాయించే చెల్లెమ్మ తన జాజ్ తరహా బేస్‌ను రెండు వారాల పాటు నా చేతికి ఇచ్చింది. వాద్యాన్ని ఎవరికీ ఇవ్వరాదన్న పట్టింపు ఎంత బలమైనదో వాయించేవారందరికీ తెలుసు, నాకైతే మరీనూ. దుకాణంలో పది నిమిషాలు వాయించి తెలుసుకోలేనిది ఒక రిహార్సల్‌లో తెలిసింది: నెక్ కొలత ఒకటే అయినా బరువు అటూ ఇటూ అయితే హెడ్‌స్టాక్ (శ్రుతి మరలు ఉండే నెక్ తల) కిందికి వాలుతుంది, అప్పుడు ఎడమ చెయ్యి వాయించడం మానేసి నెక్ మోయడంలో పడుతుంది. బేస్‌ను పట్టీతో తగిలించుకుని, రెండు చేతులూ వదిలి, అది ఎటు వాలుతుందో చూసిన తరువాతే బేరం మాట్లాడాలన్న పాఠం ఆ అమ్మాయి చలవే.

చివరికి నేను తీసుకున్నది చేతులు మారిన జాజ్ తరహా బేస్, పద్నాలుగు వేలకు. కంపెనీ పేరు కావాలనే చెప్పడం లేదు. ఈ ధరలో ఒకే మోడల్ రెండు బేస్‌లు కూడా ఒకేలా ఉండవు; పేరు చూసి కొనేకంటే చేతిలోకి తీసుకుని, ప్రతి ఫ్రెట్టు మీదా ప్రతి తీగా నొక్కి చూసి కొనడమే మేలని నా అభిప్రాయం.

ఇక సెటప్ చేసిన మరో పెద్దాయన గురించి కాస్త ఎక్కువగా రాస్తే మన్నించండి, ఎందుకంటే ఆ పద్నాలుగు వేల బేస్‌ను వేదికకు తగినదిగా మలిచింది ఆయనే. మా ఊరి ఎండలకు నెక్ చెక్క ఎండి కుంచించుకుపోవడంతో ఫ్రెట్టుల కొసలు పక్కకు పొడుచుకువచ్చి అరచేతికి రంపంలా తగులుతున్నాయి. ముందుగా వాటిని సన్నని ఆకురాయితో ఒక్కొక్కటిగా గుండ్రం చేశారు. తరువాత మొదటి ఫ్రెట్టు మీద కేపో (తీగలన్నిటినీ నొక్కిపట్టే బిగింపు) బిగించి, నెక్ శరీరంలో కలిసే చోటి ఫ్రెట్టు దగ్గర అన్నిటికంటే లావైన ఇ తీగను వేలితో నొక్కిపట్టి, ఎనిమిదో ఫ్రెట్టుకూ తీగకూ మధ్య సన్నని ఉక్కు రేకు దూర్చి చూశారు. ఆ సందు 0.3 మిల్లీమీటర్లకు వచ్చేదాకా నెక్ లోపల ఉండి దాని వంపును సరిచేసే ట్రస్ రాడ్ అనే కడ్డీని పావు మలుపు చొప్పున తిప్పి, ప్రతి మలుపుకూ మళ్లీ శ్రుతి చేసి, మళ్లీ కొలిచారు. పదిహేడో ఫ్రెట్టు దగ్గర ఇ తీగ ఎత్తు 2.4, అన్నిటికంటే సన్నని జి తీగ ఎత్తు 2 మిల్లీమీటర్లకు తెచ్చారు. నా ప్రధాన బేస్‌ను కూడా పక్కనే పెట్టించుకుని రెండూ ఒకే కొలతకు వచ్చాయని సరిచూశారు.

అన్నిటికంటే నాకు నచ్చింది జాక్ దగ్గర ఆయన చూపిన శ్రద్ధ. జాక్‌ను బిగించే బయటి నట్ (మర బిళ్ల) వదులైనప్పుడు మనం వేళ్లతోనో ప్లయర్స్‌తోనో బిగించేస్తాం. అప్పుడు నట్‌తో పాటు లోపల జాక్ కూడా తిరిగి, దానికి టంకం వేసిన వైరు మెలిపడుతుంది, ఏదో ఒక రాత్రి తెగుతుంది. ఆయన ప్లేటు విప్పి, జాక్‌ను లోపలి నుంచి కదలకుండా పట్టుకుని నట్ బిగించి, మళ్లీ తిరగకుండా పళ్ల వాషర్ వేసి, వైర్లకు కొంచెం వదులు మిగిల్చి కొత్తగా టంకం పెట్టారు. నా పాత బేస్‌కూ అదే పని చేసి, దానికి విడిగా డబ్బు తీసుకోనని పట్టుబట్టారు. శ్రుతి చేసేటప్పుడు టిక్కుమని ఎగురుతున్న ఇ తీగకు నెక్ కొసనున్న నట్ గాడిలో పెన్సిల్ ములుకు రుద్దడంతో ఆ జబ్బు కూడా తీరింది.

తీగలు రెండింటికీ ఒకే కొలతవి, అంగుళంలో వెయ్యో వంతుల లెక్కన 45 నుంచి 105 వరకు మందం ఉన్న నికెల్ రౌండ్‌వౌండ్ (గుండ్రటి తీగ చుట్టిన) సెట్టు వేయించాను. కొత్త తీగలు గణగణమంటాయి, వాడినవి మెత్తబడతాయి. అందుకని రెండింటికీ ఒకే రోజున తీగలు మార్చి, రిహార్సల్స్ అన్నీ రెండో బేస్‌తోనే చేయమన్న రాజమహేంద్రవరం పెద్దాయన సూచనను పాటిస్తున్నాను. రెండో బేస్ శబ్దం మొదట కొంచెం ఎక్కువగా వచ్చేది. సౌండ్ అన్నగారు ఫోనులో చెబుతుండగా పికప్ మరలు తిప్పి వాటిని తీగలకు కొద్దిగా దూరం జరిపాను. మిక్సర్ మీటరులో రెండూ ఒకే చోటికి వచ్చాయి. ఇప్పుడు మార్పిడి అవసరమైతే ట్యూనర్ పెడల్ తొక్కి శబ్దం ఆపి, పెడల్‌లో ఉన్న కేబులు తీసి రెండో బేస్ కేబులును పెట్టి, మళ్లీ పెడల్ తొక్కితే చాలు. మొన్న ఒక సంగీత్‌లో, ఏ ఇబ్బందీ లేకపోయినా, రెండు పాటల మధ్య కావాలనే మార్చి చూశాను. మా డ్రమ్స్ వాయించేవాడు తప్ప మరెవరూ గమనించలేదు, అతను కూడా రంగు మారిందని గమనించాడంతే.

బేస్, తీగలు, సెటప్ అన్నీ కలిపి పంతొమ్మిది వేలలో పూర్తయ్యాయి. మిగిలిన డబ్బుతో గట్టి మెత్త ఉన్న సంచీ ఒకటి కొనాలి. మంచివి ఎక్కడ కుడతారో తెలుసని కాకినాడ మిత్రుడు అన్నారు, ఆ వివరం పంపితే ఆయనకూ ఇక్కడే ముందుగా ధన్యవాదాలు. విజయవాడ, గుంటూరు చుట్టుపక్కల ఎవరి బేస్ అయినా ప్రోగ్రాం ముందు రోజు మొరాయిస్తే నాకు కబురు పెట్టండి. మాకు ప్రోగ్రాం లేని రోజైతే ఈ రెండో బేస్‌ను శ్రుతి చేసి మీకు అందజేస్తాను.