మంత్రి గారూ, గేదె తోక వెంట్రుకను కూడా అడగండి

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ పశుసంవర్ధక శాఖ మంత్రి గారికి,

నమస్కారాలు. నేను నాలుగు ముర్రా గేదెలు మేపుకునే పాడి రైతును. ఉపాధి హామీ కింద షెడ్డు వచ్చింది, సంతోషం. కానీ పైన రేకులు. మే నెల మధ్యాహ్నం ఆ నీడలో నిలబడితే నాకే తల తిరుగుతుంది. గేదెలు రొప్పుతాయి, పాలు తగ్గుతాయి, ఎదకొచ్చినా పైకి లక్షణాలు కనిపించని మూగ ఎదే. షెడ్డు వల్లా, మేత వల్లా, నీళ్ల వల్లా? ఒక్కొక్కరు ఒక్కో మాట చెబుతారు.

గేదెనే అడిగే దారి ఉంది. ఒత్తిడి పడ్డ పశువు ఒంట్లో కార్టిసాల్ అనే హార్మోన్ పెరుగుతుంది. రక్తంలో కొలుద్దామంటే, తాడు బిగించి సూది గుచ్చే బెదురుకే అది నిమిషాల్లో పెరిగిపోతుంది. మనకు తెలిసేది ఆ పూట టెన్షన్ మాత్రమే. వెంట్రుక పెరుగుతున్నప్పుడు మాత్రం రక్తంలోని కార్టిసాల్ కొద్దికొద్దిగా అందులో చేరి నిలిచిపోతుంది. తోక కుచ్చు దగ్గర కొంత మేర గొరిగి, రెండు మూడు నెలల తర్వాత కొత్తగా మొలిచింది కత్తిరిస్తే, ఆ నెలల లెక్క దొరుకుతుంది. ఒంటి మీద కన్నా తోక కుచ్చులో వెంట్రుక త్వరగా పెరుగుతుంది. నమూనాకు ఐసు పెట్టె అక్కర్లేదు, కాగితం కవరు చాలు.

జాగ్రత్తలూ ఉన్నాయి. పేడ, మూత్రం అంటితే లెక్క తప్పుతుంది, కడిగి ఆరబెట్టాలి. నల్ల వెంట్రుకకూ తెల్ల వెంట్రుకకూ తేడా వస్తుందని ఆవుల మీద చేసిన పరిశోధనల్లో కనిపించింది కాబట్టి నలుపును నలుపుతోనే పోల్చాలి. చూడి గేదెను వట్టి గేదెతో పోల్చకూడదు. హార్మోన్ పెరిగిందని తెలుస్తుంది గానీ ఎందుకో అది చెప్పదు. అందుకే మేత, నీళ్లు, ఎన్నో ఈత (ఎన్నిసార్లు ఈనింది) అన్నవి ఒకేలా ఉన్న గేదెలను తీసుకుని, కొన్నిటిని వట్టి రేకుల కింద, కొన్నిటిని రేకుల మీద తాటాకు కప్పిన షెడ్డులో ఉంచి చూడాలి.

2019 పశుగణనలో మన రాష్ట్రంలో గేదెలు 62 లక్షలకు పైనే. ఇన్నిటికీ పరీక్ష చేయమనడం లేదు. తిరుపతిలో శ్రీ వెంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం ఉంది, ఊళ్లలో పశుసంవర్ధక సహాయకులు ఉన్నారు. కొన్ని ఊళ్లలో ఒక్క వేసవి ఈ పని చేయించండి. వచ్చే విడత షెడ్ల పైకప్పు ఎలా ఉండాలో ఆ ఫలితం చూశాక ఖరారు చేయండి.

మార్చి ఆఖరుకు మొదటి కత్తెర పడితే జూన్‌లో రెండోది వేయొచ్చు. మా గేదెలను ఇవ్వడానికి నేను సిద్ధం.

ఇట్లు,
ఒక పాడి రైతు