నాన్న పక్కనుంచి లేచొచ్చి నా వేలు చూసిన అమ్మాయికి

మూడు రాత్రుల తర్వాత ఇప్పుడే కాస్త కునుకు తీసి లేచాను. వేలు బాగానే ఉంది, మనసే ఇంకా కుదుటపడలేదు. ఇది ఇప్పుడు రాయకపోతే మళ్ళీ డ్యూటీలో పడి రాయను.

అంబులెన్సులో వెనక కూర్చునేవాళ్ళకి సూది గుచ్చుకోవడం వింతేం కాదు. కొత్తగా చేరినవాళ్ళకి నేనే చెప్తుంటాను: హెచ్ఐవీ ఉన్నవాళ్ళ సూది గుచ్చుకున్నా వెయ్యిలో ముగ్గురికే సోకేది, పిండకండి, సబ్బుతో కడుక్కోండి, కంగారుపడకండి అని. ఆ రాత్రి నా వేలి మీద రక్తపు చుక్క కనబడగానే మిగతా 997 మంది ఎటు పోయారో, ఆ ముగ్గురే కళ్ళముందు నిలబడ్డారు.

షుగర్ పడిపోయిన పెద్దాయన. మీటరు 38 చూపించింది. అంత తగ్గితే తనేం చేస్తున్నాడో మనిషికి తెలీదు. నరంలో కాన్యులా, అంటే మందు ఎక్కించే సన్నటి గొట్టం, పెట్టి సూది బయటికి తీశాను. సూదులు పడేసే డబ్బా నిండిపోయి ఉంది. ఎక్కడ పెట్టాలా అని అటు తిరిగానో లేదో, ఆయన చెయ్యి విసిరారు. గ్లవ్ దాటి దిగింది. గ్లూకోజ్ ఎక్కించాక ఆయన తేరుకున్నారు. నేను మాత్రం తేరుకోలేదు.

తెల్లవారుజామున మూడింటికి ఆసుపత్రి మెట్ల మీద కూర్చుంటే ఆయన కూతురు వెతుక్కుంటూ వచ్చింది. తిట్టడానికేమో అనుకున్నా. మాకది మామూలే, ఒక్కోసారి దెబ్బలు కూడా. "అక్కా, ఏదీ, వేలు చూపించు" అంది. "నాన్నకి చెప్పాను. రక్తపరీక్షకి ఒప్పుకున్నారు. హెచ్ఐవీ, కామెర్లు, ఏవేవి కావాలో అన్నీ చేయమన్నాం." ఆ పరీక్ష మాటెత్తితేనే మండిపడే ఇంటివాళ్ళని ఎంతమందిని చూశానో! ఈ పిల్ల అడగకముందే వచ్చింది. లోపల నాన్న, బయట నేను, ఇద్దరి మధ్యా తిరుగుతూనే ఉంది. నెగెటివ్ అని తనే పరుగెత్తుకొచ్చి చెప్పింది. "మా నాన్న వల్లే కదక్కా" అని నా భుజం మీద చెయ్యి వేసేసరికి భోరున ఏడ్చేశాను. పదకొండేళ్ళ సర్వీసులో పేషెంటు తాలూకువాళ్ళ ముందు ఏడవడం ఇదే మొదలు.

డబ్బా ముప్పావు వంతు నిండగానే మార్చాలి. మార్చలేదని రిజిస్టర్లో మూడుసార్లు రాశాను. ఇప్పుడిచ్చిన ఫారంలో "గ్లవ్స్ వేసుకున్నారా?" అని గడి ఉంది, "డబ్బా ఖాళీగా ఉందా?" అని లేదు. రాత్రి ఫోన్ చేస్తే పొద్దున ఆఫీసు తెరిచాక రమ్మన్నారు. హెచ్ఐవీ సోకకుండా వేసుకునే మందుకి 72 గంటలు ఆఖరి గడువు మాత్రమే, ఎంత త్వరగా వేస్తే అంత మంచిదని వాళ్ళకి తెలీదా?

మావారు, అత్తయ్య పిల్లల్ని చూసుకున్నారు.

అన్నట్టు, రెండు గంటల్లోపే మొదటి మాత్ర వేసి, రిపోర్టు వచ్చాక 28 రోజుల కోర్సు అక్కర్లేదన్న డ్యూటీ డాక్టరుగారికి కృతజ్ఞతలు. నన్ను కూర్చోబెట్టి పేషెంటుని ఒక్కడే దించిన మా డ్రైవరన్నకి కూడా. అయ్యో, అసలు మనిషిని మర్చిపోయా: స్ట్రెచర్ కింద జారిపోయిన ఆ సూదిని టార్చి వేసి వెతికి, పట్టకారుతో తీసిన వార్డు ఆయాగారు. అది అక్కడే ఉండిపోతే తర్వాతి షిఫ్టు వాళ్ళకి గుచ్చుకునేది.