పక్షులు రాకముందే మా పిల్లలకు పని అప్పగించండి

అటవీ, పర్యావరణ శాఖ మంత్రిగారికి,

నమస్కారం. మాది శ్రీకాకుళం జిల్లా టెక్కలి దగ్గర తేలినీలాపురం. ఏటా సెప్టెంబరులో గూడబాతులు (పెలికాన్లు), ఎర్రకాళ్ల కొంగలు మా చింతచెట్ల మీద గూళ్లు పెట్టి, నౌపడ వైపు చిత్తడి నేలల నుంచి చేపలు తెచ్చి పిల్లల్ని సాకుతాయి. మార్చి, ఏప్రిల్ కల్లా వెళ్లిపోతాయి. కంపు సంగతి సరే, దండెం మీద బట్టలు రెండోసారి ఉతుక్కోవాల్సిందే. అయినా పురిటికొచ్చిన ఆడపిల్లను పొమ్మంటామా?

మొన్న సంక్రాంతి సెలవుల్లో మా పెరట్లో గూడబాతు పిల్ల ఒకటి గూట్లోంచి జారిపడింది. ఒళ్లంతా తెల్లటి నూగు. కాలికి నైలాన్ వల దారం చుట్టుకుని వాచిపోయింది. తొమ్మిదో తరగతి చదివే పక్కింటి కుర్రాడు దాని తల మీద గోనెసంచి కప్పి, అది కాస్త నెమ్మదించాక బ్లేడుతో దారం కోశాడు. ఎవరు నేర్పారురా అంటే, "వాచర్ మావయ్య చేస్తుంటే చూశాను" అన్నాడు. వాచరంటే ఈ పక్షులకు కాపలా ఉండే మనిషి. సైన్సులో వాడికి పదకొండు మార్కులు.

బళ్లో పర్యావరణం అంటే జూన్ 5కి పోస్టర్ పోటీ. జూన్ 5న మా ఊళ్లో పక్షీ ఉండదు, బడీ తెరవరు!

2018 అక్టోబరు 11న తిత్లీ తుపానుకి మా పెరటి చింతచెట్టు గూళ్లతో సహా కూలింది. మళ్లీ గూడు మోసేంత చెట్టు కావాలంటే ఏళ్లు పడుతుంది. ఫొటోలు దిగి నాటిన మొక్కలేమో నీళ్లు పోసే దిక్కులేక మొదటి ఎండాకాలమే దాటలేదు.

పుస్తకాల సంచి లేకుండా బడికెళ్లే నో బ్యాగ్ డే ఎలాగూ ఉంది. నెలకో శనివారం పిల్లల్ని చెట్ల కిందికి పంపించండి. ఆరో తరగతిలో నలుగురైదుగురికి ఒక మొక్క అప్పగిస్తే, పదో తరగతి దాకా అది వాళ్లదే. గూళ్లు లెక్కపెట్టి నోటుబుక్కులో రాసుకుంటారు. మేమంతా ఈ పక్షులు సైబీరియా నుంచి వస్తాయని చెప్పుకుంటాం. నిజానికి ఈ రెండూ మన దక్షిణాసియా పక్షులే. లెక్క రాసే పిల్లలైతే మమ్మల్ని నిలదీస్తారు.

కొత్త భవనం అక్కర్లేదు. నేర్పే వాచర్లకు ఆ రోజు కూలీ, పిల్లలకు టోపీలు ఇప్పిస్తే చాలు. ఉత్తర్వు మాత్రం ఆగస్టులోపే రావాలి. పక్షులు దిగాక చెట్ల కింద గుంతలు తవ్వితే బెదిరిపోతాయి.

ఇట్లు,
తేలినీలాపురం గ్రామస్థుడు